రెండు జట్లకూ 63 పాయింట్లే.. టైటిల్ మాత్రం ఒక్కరికే! పోలండ్ లీగ్‌లో ఆ సీజన్ లెక్క ఎలా తేలిందంటే..

34 మ్యాచ్‌లు. 18 విజయాలు, 9 డ్రాలు, 7 ఓటములు. మొత్తం 63 పాయింట్లు. టేబుల్‌లో మొదటి వరుస చదివితే కనిపించే లెక్క ఇది. రెండో వరుస చదివినా అచ్చం ఇదే లెక్క! గెలుపులు సేమ్, డ్రాలు సేమ్, ఓటములు కూడా సేమ్. కానీ మొదటి వరుసలో ఉన్న జట్టు ఛాంపియన్.. రెండో వరుసలో ఉన్న జట్టు రన్నరప్.

పోలండ్ టాప్ ఫుట్‌బాల్ లీగ్ ‘ఎక్‌స్ట్రాక్లాసా’ 2023-24 సీజన్ ఇలా ముగిసింది. టైటిల్ కొట్టింది యాగెల్లోనియా బియావిస్తోక్. వెంట్రుకవాసిలో చేజార్చుకున్నది ష్లోన్‌స్క్ వ్రోత్స్వాఫ్. అసలు ట్విస్ట్ ఏంటంటే, అంతకుముందు సీజన్‌లో ఇవే రెండు జట్లు 14, 15 స్థానాల్లో నిలిచి, కింది డివిజన్‌కు పడిపోకుండా ఎలాగోలా బయటపడ్డాయి. ఏడాది తిరిగేసరికి 1, 2 స్థానాల్లోకి వచ్చి కూర్చున్నాయి. ఇదెలా సాధ్యమైంది? సమానంగా ఉన్న ఇద్దరిలో ఒకరికే కప్పు ఎలా ఇచ్చారు? చివరి రోజు ఎవరి కొంప మునిగింది? పూర్తి వివరాలు చూద్దాం..

ముందు రూల్స్ ఏంటో చూద్దాం

ఎక్‌స్ట్రాక్లాసాలో 18 జట్లు ఆడతాయి. ప్రతి జట్టూ మిగతా 17 జట్లతో సొంత గ్రౌండ్‌లో ఒకసారి, ప్రత్యర్థి గ్రౌండ్‌లో ఒకసారి తలపడుతుంది. అంటే మొత్తం 34 మ్యాచ్‌లు. గెలిస్తే 3 పాయింట్లు, డ్రా అయితే 1, ఓడితే సున్నా. ప్లేఆఫ్స్, సెమీస్, ఫైనల్ లాంటివేమీ లేవు. జులైలో మొదలై మేలో ముగిసేసరికి టేబుల్‌లో ఎవరు పైన ఉంటే వాళ్లే ఛాంపియన్. మధ్యలో డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా బ్రేక్ ఉంటుంది, అక్కడి చలి అలాంటిది మరి.

ఇంకో ముఖ్యమైన విషయం రెలిగేషన్. ఐపీఎల్‌లో ఆఖరి స్థానంలో నిలిచిన జట్టు కూడా వచ్చే ఏడాది దర్జాగా మళ్లీ బరిలోకి దిగుతుంది. పోలండ్‌లో అలా కుదరదు. చివరి మూడు స్థానాల్లో ఉన్నవాళ్లు కింది డివిజన్‌కు వెళ్లిపోవాల్సిందే. వాళ్ల స్థానంలో కింది నుంచి మూడు జట్లు పైకొస్తాయి. కింది డివిజన్ అంటే టీవీ డబ్బు తగ్గుతుంది, స్పాన్సర్లు తగ్గుతారు, మంచి ఆటగాళ్లు వేరే దారి చూసుకుంటారు. అందుకే మే నెలలో పైన టైటిల్ కోసం ఎంత టెన్షన్ ఉంటుందో, కింద 15, 16 స్థానాల దగ్గర అంతకు మించిన టెన్షన్ ఉంటుంది.

2022-23 సీజన్ చివర్లో ఈ భయం ష్లోన్‌స్క్‌కు బాగా తెలుసు. ఆ జట్టు 38 పాయింట్లతో 15వ స్థానంలో గట్టెక్కింది. 16వ స్థానంలో ఉన్న వీస్వా ప్వోత్స్క్ 37 పాయింట్లతో కిందికి పడింది. అంటే తేడా ఒక్క పాయింట్! దానికి ఒక మెట్టు పైన, 41 పాయింట్లతో 14వ స్థానంలో ఉన్నది యాగెల్లోనియా. అప్పుడు ఈ రెండు జట్లూ వచ్చే ఏడాది టైటిల్ కోసం కొట్టుకుంటాయని ఎవరైనా చెబితే నవ్వేవాళ్లు.

ఎవరీ యాగెల్లోనియా?

పేరు పలకడానికి నోరు తిరగట్లేదా? పోలండ్ ఫ్యాన్స్ కూడా ముద్దుగా ‘యాగా’ అనే పిలుస్తారు. ఇక్కడా అలాగే పిలుద్దాం. దేశానికి ఈశాన్య మూలన, బెలారస్ సరిహద్దుకు దగ్గర్లో ఉన్న బియావిస్తోక్ నగరం వీళ్ల అడ్డా. ఎస్పెరాంటో భాషను సృష్టించిన జామెన్‌హోఫ్ పుట్టింది ఈ ఊళ్లోనే. క్లబ్ పుట్టింది 1920లో. వందేళ్లు దాటినా లీగ్ టైటిల్ మాత్రం అందని ద్రాక్షే. 2010లో పోలిష్ కప్ గెలిచారు. 2016-17, 2017-18 సీజన్లలో వరుసగా రెండుసార్లు రన్నరప్‌తో సరిపెట్టుకున్నారు. రెండుసార్లూ టైటిల్ ఎగరేసుకుపోయింది రాజధాని జట్టు లెగియా వార్సానే.

2023 ఏప్రిల్‌లో క్లబ్ మునిగిపోయే పరిస్థితుల్లో కోచ్‌ను మార్చింది. పెద్ద పేరున్న వాళ్లను తీసుకురాలేదు. క్లబ్ రిజర్వ్ జట్టును చూసుకుంటున్న అడ్రియన్ షెమ్యెనెట్స్‌కు పగ్గాలిచ్చింది. అప్పటికి ఆయన వయసు 31 ఏళ్లు. టాప్ లీగ్‌లో ఆటగాడిగా పేరు తెచ్చుకున్న మనిషి కాదు. జట్టులో కొందరు సీనియర్లు ఆయన కంటే వయసులో పెద్దవాళ్లు. అలాంటి కుర్ర కోచ్ మొదట జట్టును రెలిగేషన్ నుంచి తప్పించాడు. ఆ తర్వాత వేసవిలో దాన్ని పూర్తిగా తన పద్ధతిలోకి మార్చేశాడు.

ఆ పద్ధతి ఏంటంటే దాడి.. మళ్లీ దాడి! బంతిని వెనక నుంచి పాస్‌లతో పైకి తీసుకురావడం, బంతి పోతే వెంటనే మీదపడి లాక్కోవడం. డిఫెన్స్‌లో కూర్చుని 1-0తో గెలుద్దాం అనే లెక్కే లేదు. ఫలితం.. 34 మ్యాచ్‌ల్లో 77 గోల్స్! ఆ సీజన్ లీగ్‌లో ఇదే అత్యధికం. అయితే తలుపులు బార్లా తెరిచి ఆడితే దొంగలూ దూరతారు కదా. 45 గోల్స్ సమర్పించుకున్నారు కూడా. యాగా ఆడిన మ్యాచ్‌ల్లో రెండు వైపులా కలిపి 122 గోల్స్ పడ్డాయి. అంటే సగటున మ్యాచ్‌కు మూడున్నరకు పైనే. టికెట్ కొన్నవాడికి పైసా వసూల్!

ఆటగాళ్లను చూసినా కోట్లు కుమ్మరించి తెచ్చినవాళ్లు కాదు. స్పెయిన్ నుంచి వచ్చిన హెసూస్ ఇమాజ్ 2019 నుంచి ఇక్కడే ఉన్నాడు. కెప్టెన్ తరాస్ రొమాన్‌చుక్ అయితే 2014 నుంచి ఉన్నాడు. రెండుసార్లు రన్నరప్ బాధను మైదానంలో అనుభవించినవాడు. పుట్టింది ఉక్రెయిన్‌లో, పౌరసత్వం తీసుకుంది పోలండ్‌లో. లెఫ్ట్ బ్యాక్ వ్దొవిక్ ఫ్రీ కిక్‌లతో గోల్‌కీపర్లకు చుక్కలు చూపించాడు. వింగర్ డొమినిక్ మార్చుక్ అంతకుముందు కింది డివిజన్‌లో ఆడుతున్న కుర్రాడు.

ఇక స్ట్రైకర్ పేరు వింటే మనవాళ్లకు నవ్వొస్తుంది. అతని పేరు అఫిమికో పులులు! అవును, చదవడానికి మన ‘పులులు’ లాగే ఉంటుంది. అంగోలాలో పుట్టి, ఫ్రాన్స్‌లో పెరిగి, స్విట్జర్లాండ్ క్లబ్ బాసెల్‌లో ఆడి, అక్కడి నుంచి జర్మనీకి వెళ్లిన ఆటగాడు. అక్కడ పెద్దగా క్లిక్ కాలేదు. 2023 వేసవిలో యాగాలో చేరాక మాత్రం పేరుకు తగ్గట్టే విజృంభించాడు.

మరి ష్లోన్‌స్క్ సంగతేంటి?

దేశానికి మరో మూల, నైరుతిలో ఉన్న వ్రోత్స్వాఫ్ నగరం ష్లోన్‌స్క్‌ది. 2012 యూరో కప్ కోసం కట్టిన 40 వేలకు పైగా సీట్ల భారీ స్టేడియం వీళ్ల హోమ్ గ్రౌండ్. గతంలో రెండుసార్లు, 1977లో, 2012లో టైటిల్ గెలిచిన చరిత్ర ఉంది. కానీ ఆ తర్వాత అంతా డౌన్‌ఫాలే.

ఇక్కడ కోచ్ యాట్సెక్ మగ్యెరా. 2016-17లో యాగాను రెండో స్థానానికి నెట్టి లెగియాకు టైటిల్ తెచ్చిపెట్టిన కోచ్ ఈయనే! ఏడేళ్ల తర్వాత అదే మగ్యెరా, అదే యాగా మళ్లీ టైటిల్ రేసులో ఎదురుపడ్డారు. స్క్రిప్ట్ రాసినా ఇంత బాగా కుదరదేమో.

ష్లోన్‌స్క్ స్టైల్ యాగాకు పూర్తిగా రివర్స్. వీళ్లు కొట్టింది 50 గోల్సే, కానీ ఇచ్చింది కేవలం 31. లీగ్‌లో అత్యంత పటిష్ఠమైన డిఫెన్స్ వీళ్లదే. ఆ 50 గోల్స్‌లో 19 ఒక్కడే కొట్టాడు. అతనే కెప్టెన్, స్పెయిన్ స్ట్రైకర్ ఎరిక్ ఎక్స్‌పోసిటో. సీజన్ టాప్ స్కోరర్ అవార్డు కూడా అతనిదే. వెనక గోడ కట్టాలి, ముందు ఎక్స్‌పోసిటోకు బంతి అందించాలి.. ఫార్ములా సింపుల్. ఈ ఫార్ములాతోనే 2023 అక్టోబర్‌లో లెగియాను సొంతగడ్డపై 4-0తో చిత్తు చేశారు. డిసెంబర్‌లో బ్రేక్ వచ్చేసరికి టేబుల్‌లో టాప్‌లో ఉన్నది కూడా ష్లోన్‌స్కే.

కానీ ఒక్కడి మీద ఇంత ఆధారపడితే ఎక్కడో ఒకచోట బండి ఆగుతుంది. బ్రేక్ తర్వాత ఫిబ్రవరిలో లీగ్ మళ్లీ మొదలయ్యాక ష్లోన్‌స్క్ ఆటలో ఆ పాత వేగం కనిపించలేదు. గోల్స్ తక్కువ కొట్టే జట్టుకు ఒక్క పొరపాటు జరిగినా మ్యాచ్ చేజారుతుంది, తిరిగి పుంజుకునేంత ఆయుధాలు ఉండవు. యాగాకు ఆ సమస్య లేదు. రెండు ఇచ్చినా మూడు కొట్టగలదు. సీజన్ రెండో సగంలో ఈ తేడానే ఇద్దరినీ ఒకే లెక్క దగ్గరికి తెచ్చింది.

పెద్ద తలకాయలు ఏమయ్యాయి?

ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తేనే ఈ సీజన్ అర్థమవుతుంది. ఎందుకంటే 63 పాయింట్లు అనేది నిజానికి ఛాంపియన్ స్కోరు కాదు. 34 మ్యాచ్‌ల్లో గరిష్ఠంగా 102 పాయింట్లు వస్తాయి. అందులో 63 అంటే 62 శాతం లోపే. అంతకుముందు 2022-23లో రాకుఫ్ చెంస్తొహోవా 75 పాయింట్లతో గెలిచింది. ఆ ఏడాది 63 పాయింట్లు వచ్చి ఉంటే దక్కేది మూడో స్థానం. లెహ్ పోజ్నాన్ 74 పాయింట్లతో టైటిల్ కొట్టిన 2021-22లో అయితే నాలుగో స్థానం! మరి ఈసారి 63 ఎలా సరిపోయింది? పైన ఉండాల్సిన వాళ్లంతా జారిపడ్డారు కాబట్టి.

రాకుఫ్‌నే తీసుకోండి. డిఫెండింగ్ ఛాంపియన్. జట్టును కింది డివిజన్ల నుంచి పైకి తెచ్చి, టైటిల్ కూడా అందించిన కోచ్ మరెక్ పాప్షున్ 2023లో తప్పుకున్నాడు. అతని అసిస్టెంట్ డేవిడ్ ష్వార్గా బాధ్యతలు తీసుకున్నాడు. ఛాంపియన్స్ లీగ్ క్వాలిఫయింగ్‌లో చివరి మెట్టు దాకా వెళ్లి కోపెన్‌హాగన్ చేతిలో ఓడారు. అక్కడి నుంచి యూరోపా లీగ్ గ్రూప్ దశకు వెళ్లారు. గురువారం యూరప్‌లో, ఆదివారం సొంత లీగ్‌లో.. ఈ రెండు పడవల ప్రయాణం వాళ్ల వల్ల కాలేదు. చివరికి 52 పాయింట్లతో ఏడో స్థానం. ఒక్క ఏడాదిలో 23 పాయింట్లు గల్లంతు!

లెగియాది మరో కథ. దేశంలోనే అతిపెద్ద క్లబ్. 2023 సెప్టెంబర్‌లో కాన్ఫరెన్స్ లీగ్‌లో ఇంగ్లండ్ జట్టు ఆస్టన్ విల్లాను 3-2తో ఓడించి సంచలనం సృష్టించారు. యూరప్‌లో పులి, ఇంట్లో పిల్లి అన్నట్టు లీగ్‌లో మాత్రం తడబడ్డారు. ఫిబ్రవరిలో నార్వే జట్టు మోల్డె చేతిలో ఓడి యూరప్ నుంచి కూడా బయటికొచ్చారు. ఏప్రిల్‌లో కోచ్ కోస్టా రున్యాయిచ్‌ను తప్పించి, గొన్సాలో ఫెయోను తెచ్చారు. 59 పాయింట్లతో మూడో స్థానం దక్కింది.

అంతా యూరప్ మ్యాచ్‌ల అలసట వల్లే అనుకుంటే పొరపాటే. లెహ్ పోజ్నాన్ ఆగస్టులోనే స్లొవేకియా జట్టు స్పార్టాక్ త్రనావా చేతిలో ఓడి యూరప్ నుంచి ఔటైంది. అంటే మిగతా సీజనంతా లీగ్ మీదే దృష్టి పెట్టే ఛాన్స్ ఉంది. అయినా ఆట గాడిన పడలేదు. డిసెంబర్‌లో కోచ్ జాన్ వాన్ డెన్ బ్రోమ్‌ను సాగనంపారు. తర్వాత వచ్చిన మరియుష్ రుమాక్ కూడా ఏమీ మార్చలేకపోయాడు. 53 పాయింట్లు, ఐదో స్థానం. అన్నే పాయింట్లతో ఆరో స్థానంలో నిలిచిన గుర్నిక్ జాబ్జె గురించి ఓ మాట. ఈ జట్టులో ఆడింది ఎవరో కాదు, 2014లో జర్మనీతో వరల్డ్ కప్ గెలిచిన లూకాస్ పొడోల్‌స్కీ!

గమనించాల్సింది ఏంటంటే రాకుఫ్, లెగియా, లెహ్.. ఈ మూడు క్లబ్బులూ ఏడాది వ్యవధిలో కోచ్‌లను మార్చాయి. యాగా, ష్లోన్‌స్క్ మాత్రం సీజన్ మొదలుపెట్టిన కోచ్‌తోనే సీజన్ ముగించాయి. వాటికి యూరప్ మ్యాచ్‌లు లేవు. వారానికొక మ్యాచ్, ప్రాక్టీస్‌కు కావాల్సినంత టైమ్. ముందు ఏడాది 14, 15 స్థానాల్లో నిలవడమే ఒక రకంగా వాళ్లకు కలిసొచ్చింది.

2024 మే 25.. ఒకేసారి తొమ్మిది మ్యాచ్‌లు

ఆ రోజు మన దగ్గర క్రికెట్ ఫ్యాన్స్ అంతా మర్నాడు చెన్నైలో జరగబోయే ఐపీఎల్ ఫైనల్ గురించే మాట్లాడుకుంటున్నారు. సన్‌రైజర్స్ హైదరాబాద్ కప్పు కొడుతుందా లేదా అనేదే చర్చ. అదే రోజు పోలండ్‌లో చివరి రౌండ్ మ్యాచ్‌లు తొమ్మిదీ ఒకేసారి మొదలయ్యాయి. ఇలా ఒకే టైమ్‌కు పెట్టడానికి కారణం ఉంది. వేరే మ్యాచ్ రిజల్ట్ ముందే తెలిసిపోతే దాన్ని బట్టి ఆడే అవకాశం ఎవరికీ దొరకకూడదు.

బరిలోకి దిగేముందు యాగాకు 60, ష్లోన్‌స్క్‌కు 60. యాగా సొంత స్టేడియంలో వార్తా పోజ్నాన్‌తో, ష్లోన్‌స్క్ చెంస్తొహోవా వెళ్లి రాకుఫ్‌తో ఆడాలి. యాగా గెలిస్తే చాలు, అవతల ఏం జరిగినా కప్పు వాళ్లదే. యాగా డ్రా చేసుకుని ష్లోన్‌స్క్ గెలిస్తే మాత్రం వందేళ్ల కల మళ్లీ చెదిరిపోయేది.

అలా జరగలేదు. బియావిస్తోక్‌లో యాగా 3-0తో వార్తాను ఓడించింది. ష్లోన్‌స్క్ కూడా తన పని తాను పూర్తి చేసింది. మాజీ ఛాంపియన్ అయిపోతున్న రాకుఫ్‌ను వాళ్ల గడ్డ మీదే 2-1తో ఓడించింది. ఇద్దరూ గెలిచారు. ఇద్దరికీ 63. మరి కప్పు?

టై పడితే ఎవరు ముందు?

ఇక్కడే రూల్ కీలకం. ఐపీఎల్‌లో పాయింట్లు సమానమైతే నెట్ రన్‌రేట్ చూస్తారు. దీనికి వారం ముందే, 2024 మే 18న బెంగళూరులో చెన్నైను ఓడించిన ఆర్సీబీ, అవే 14 పాయింట్లతో ఉన్న సీఎస్కేను రన్‌రేట్ మీదే దాటి ప్లేఆఫ్స్‌కు వెళ్లింది. ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్‌లో రన్‌రేట్ లాంటిదే గోల్ డిఫరెన్స్, అంటే కొట్టిన గోల్స్‌లోంచి ఇచ్చిన గోల్స్ తీసేస్తే మిగిలేది. 2012లో మాంచెస్టర్ సిటీ, మాంచెస్టర్ యునైటెడ్ చెరో 89 పాయింట్లతో నిలిస్తే గోల్ డిఫరెన్స్‌తోనే సిటీకి టైటిల్ వెళ్లింది.

పోలండ్‌లో ముందు చూసేది అది కాదు. హెడ్ టు హెడ్! అంటే సమానంగా నిలిచిన జట్లు ఆ సీజన్‌లో తమలో తాము ఆడిన మ్యాచ్‌లను పక్కకు తీసి, వాటితో ఒక చిన్న టేబుల్ వేస్తారు. అందులో ఎవరికి ఎక్కువ పాయింట్లు ఉంటే వాళ్లు పైన. అక్కడా సమానమైతే ఆ మ్యాచ్‌ల్లోని గోల్స్ తేడా చూస్తారు. అప్పటికీ తేలకపోతేనే సీజన్ మొత్తం గోల్ డిఫరెన్స్ దగ్గరికి వెళ్తారు. స్పెయిన్ లా లిగాలోనూ ముందు హెడ్ టు హెడ్డే చూస్తారు.

ఈ ముఖాముఖి లెక్కలో యాగాదే పైచేయి. అందుకే చివరి రోజు ‘మేమూ గెలిచాం కదా’ అని ష్లోన్‌స్క్ అన్నా లాభం లేకపోయింది. ఈ రూల్ వల్లే ష్లోన్‌స్క్‌కు అన్యాయం జరిగిందా అంటే అదీ లేదు. గోల్ డిఫరెన్స్ చూసినా యాగాకు ప్లస్ 32, ష్లోన్‌స్క్‌కు ప్లస్ 19. ఏ తక్కెడలో వేసినా యాగా వైపే మొగ్గేది.

104 ఏళ్ల క్లబ్ చరిత్రలో యాగాకు ఇదే తొలి లీగ్ టైటిల్. 32 ఏళ్ల షెమ్యెనెట్స్ ఛాంపియన్ కోచ్ అయిపోయాడు. కెప్టెన్ రొమాన్‌చుక్‌కు పోలండ్ జాతీయ జట్టు పిలుపొచ్చింది. జూన్ 7న వార్సాలో జరిగిన ఫ్రెండ్లీ మ్యాచ్‌లో అతను గోల్ కూడా కొట్టాడు. ప్రత్యర్థి ఎవరో తెలుసా? అతను పుట్టిన దేశం ఉక్రెయిన్!

‘వార్తా’కు చేదు వార్త

యాగా సంబరాల్లో ఉన్న అదే గ్రౌండ్‌లో, అదే విజిల్ మోతకు మరో జట్టు కుప్పకూలిపోయింది. అదే వార్తా పోజ్నాన్. పేరు మన ‘వార్త’లాగే ఉన్నా ఆ రోజు వచ్చింది మాత్రం చేదు వార్తే. 1912లో పుట్టిన ఈ క్లబ్ 1929లో, 1947లో పోలండ్ ఛాంపియన్. కానీ ఆ సీజన్‌లో సొంతూరు పోజ్నాన్‌లో లీగ్ స్థాయికి తగ్గ స్టేడియం లేక, గ్రొజిస్క్ అనే వేరే పట్టణానికి వెళ్లి ‘హోమ్’ మ్యాచ్‌లు ఆడుకునే పరిస్థితి.

చివరి రోజు ఉదయానికి వార్తా 37 పాయింట్లతో డేంజర్ జోన్ బయటే ఉంది. 35 పాయింట్లతో జోన్‌లో ఉన్నది కొరోనా కీల్ట్‌సె. (అవును, ఆ జట్టు పేరు అదే. వైరస్‌కు చాలా ముందు పెట్టుకున్న పేరు, వాళ్ల భాషలో అర్థం కిరీటం.) వార్తా ఓడినా కొరోనా గెలవకపోతే బతికిపోయేది. కొరోనా ఆడాల్సింది ఎక్కడ? పోజ్నాన్‌లో, లెహ్‌తో! అంటే వార్తా ప్రాణం దాని పక్కింటి జట్టు చేతిలో ఉందన్నమాట. ఐదో స్థానంలో ఉన్న లెహ్ సొంత గ్రౌండ్‌లో 1-2తో ఓడింది. కొరోనా 38కి చేరింది, వార్తా 37 దగ్గరే ఆగింది. ఒక్క పాయింట్‌తో 16వ స్థానం, రెలిగేషన్.

ఆ ఏడాది కిందికెళ్లిన మిగతా రెండు జట్లు రూహ్ హోజుఫ్, ఎల్‌కేఎస్ వూచ్. వీటి విషయంలో చివరి రోజు దాకా సస్పెన్స్ లేదు. కానీ రూహ్ అంటే మామూలు క్లబ్ కాదు, 14 సార్లు దేశ ఛాంపియన్. నాలుగో డివిజన్ దాకా పడిపోయి, మెట్టు మెట్టు ఎక్కి మళ్లీ టాప్ లీగ్‌కు వచ్చి, ఏడాదికే తిరుగుముఖం పట్టింది. అదే టైమ్‌లో పుష్చా న్యెపొవొమిత్సె అనే చిన్న పట్టణం జట్టు, మొదటిసారి టాప్ లీగ్‌కు వచ్చి, తన స్టేడియం సరిపోక పక్కనున్న క్రాకుఫ్‌లో మ్యాచ్‌లు ఆడుతూనే 40 పాయింట్లతో 12వ స్థానంలో నిలబడింది. 12వ స్థానానికీ 16వ స్థానానికీ తేడా మూడే పాయింట్లు. ఒక్క గెలుపు అటూ ఇటూ అయితే కథే మారిపోయేది.

పోగోన్‌కు డబుల్ షాక్

ఈ సీజన్‌లో గుండె పగిలింది వార్తాకు ఒక్కదానికే కాదు. నాలుగో స్థానంలో నిలిచిన పోగోన్ ష్చెచిన్ పరిస్థితి ఇంకా విచిత్రం. 1948లో పుట్టిన ఈ క్లబ్‌కు అప్పటిదాకా ఒక్క పెద్ద ట్రోఫీ కూడా లేదు. మే 2న వార్సాలో పోలిష్ కప్ ఫైనల్. ఎదురుగా ఉన్నది రెండో డివిజన్ జట్టు వీస్వా క్రాకుఫ్. 1-0 ఆధిక్యం. ఇంజ్యురీ టైమ్ కూడా అయిపోవస్తోంది. ట్రోఫీ చేతికి అందినట్టే! సరిగ్గా అప్పుడు వీస్వా గోల్ కొట్టి స్కోరు సమం చేసింది. ఎక్స్‌ట్రా టైమ్‌లో ఇంకోటి కొట్టి 2-1తో కప్పు ఎత్తుకుపోయింది.

షాక్ అక్కడితో ఆగలేదు. అప్పట్లో పోలండ్ నుంచి నాలుగు జట్లకు యూరప్ టోర్నీల్లో చోటు ఉండేది. అందులో ఒకటి కప్పు గెలిచిన జట్టుది. సాధారణంగా కప్పు గెలిచేది టాప్ మూడు జట్లలో ఒకటైతే ఆ చోటు నాలుగో స్థానానికి వచ్చేది. ఈసారి కప్పు కొట్టింది రెండో డివిజన్ వీస్వా కాబట్టి ఆ చోటు దానికే పోయింది. పోగోన్‌కు కప్పూ లేదు, యూరప్ టికెట్టూ లేదు.

తర్వాత ఏమైంది?

ఛాంపియన్‌గా యాగా 2024లో ఛాంపియన్స్ లీగ్ క్వాలిఫయింగ్ ఆడింది. లిథువేనియా జట్టు పనెవెజిస్‌ను సులువుగా దాటేసింది. తర్వాత నార్వే జట్టు బోడో గ్లిమ్ట్ చేతిలో, ఆపై అయాక్స్ చేతిలో చిత్తుగా ఓడింది. అంతా అయిపోయిందనుకున్న టైమ్‌లో కాన్ఫరెన్స్ లీగ్‌లో కోపెన్‌హాగన్‌ను వాళ్ల సొంతగడ్డపైనే 2-1తో ఓడించి శుభారంభం చేసింది. అక్కడి నుంచి క్వార్టర్ ఫైనల్స్ దాకా దూసుకెళ్లింది. స్పెయిన్ జట్టు రియల్ బెటిస్ అక్కడ బ్రేక్ వేసింది.

లీగ్‌లో మాత్రం యాగాకు 2024-25లో 61 పాయింట్లు వచ్చాయి. టైటిల్ గెలిచిన ఏడాది కంటే రెండే తక్కువ. కానీ ఈసారి దక్కింది మూడో స్థానం. ఎందుకంటే లెహ్ 70 పాయింట్లతో తేరుకుంది. పాప్షున్ తిరిగి వచ్చాక రాకుఫ్ 69 దాకా వెళ్లింది.

ఇక ష్లోన్‌స్క్.. 19 గోల్స్ కొట్టిన ఎక్స్‌పోసిటో 2024 వేసవిలోనే ఖతార్ క్లబ్‌కు వెళ్లిపోయాడు. అతని స్థానాన్ని భర్తీ చేసేవాళ్లు దొరకలేదు. విజయాల కోసం అల్లాడిన జట్టు నవంబర్‌లో మగ్యెరాను కూడా తప్పించింది. 2025 మేలో, టైటిల్‌ను ముఖాముఖి లెక్కలో కోల్పోయిన సరిగ్గా ఏడాదికి, ష్లోన్‌స్క్ వ్రోత్స్వాఫ్ కింది డివిజన్‌కు పడిపోయింది.